విత్తనం గంప

నెత్తళ్ళు ఎర్రబడ్డాయి. పోతమ్మ ఒక చేపను చెంగుతో తుడిచింది. చెంగు ఎర్రబడింది గాని చేప తెల్లబడలేదు. కొత్త రేవు కట్టాక ఓడలకెత్తే ఇనుప ఖనిజం అక్కడ గుట్టలుగా పడి ఉంటోంది. గాలి అటునుంచి వీస్తే ఆ ధూళి ఇసుక మీద ఎండబెట్టిన చేపలన్నిటి మీదా వాలుతుంది. విశాఖపట్నం వృద్ధి చెందుతోందని పత్రికలు రాస్తున్నాయి. అందులో అబద్ధం లేదు. ఎవరి ఇసుక మీద వృద్ధి చెందుతోందో మాత్రం రాయవు.

పోతమ్మ చేపలను సముద్రపు నీటిలో కడిగి మళ్ళీ ఎండబెట్టింది. రెండోసారి తడిసిన చేప పెళుసుగా విరగదని ఆమెకు తెలుసు. అయినా ఎరుపు కంటే మెత్తదనమే నయమనుకుంది.

"అసిరమ్మొదిన ముట్టుకోగానే కనిపెట్టేత్తాది," అన్నాడు ఆమె మొగుడు గంగరాజు, వల బాగుచేసుకుంటూ.

"నువ్వు నోర్ముయ్యి మావా. కనిపెడితే వానాకాలం నీ వలే వండి పెడతాను, తిందువు గాని."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. వానల్లో తెప్ప సముద్రంలోకి దిగని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఇంట్లో అంబలి కాగేది గాజువాక అవతలి ఊళ్ళో అసిరమ్మ ఇచ్చే చోళ్ళతోనే, అంటే రాగులతోనే. అత్తగార్ల కాలం నుంచీ పద్ధతి ఒకటే. పంట ఇంటికి చేరాక పోతమ్మ గంపెడు ఎండుచేపలు మోసుకెళ్తుంది. అసిరమ్మ అదే గంపను చోళ్ళతో నింపి నెత్తికెత్తుతుంది. దుక్కుల కాలంలో రైతింటికి కూర, వానల్లో జాలరింటికి గింజ. ఖాళీ గంప తిప్పి పంపడం ఆ ఇంటికి అశుభం.

ఈసారీ పోతమ్మ అసిరమ్మ ఇంటి అరుగు మీద గంప దించింది. అసిరమ్మ ఒక చేపను విరవబోయింది. అది వంగింది.

"ఏటే, సచ్చినదాన్ని మళ్ళీ ఈదించినావా?"

"ఎర్రదుమ్ము పడతంది వొదినా. కడిగినాను. నచ్చకపోతే తీసుకెల్పోతాను."

"నీ సేపకి వంకెట్టడానికి నా కాడ ఏటుందని? పొలంలో నాగలెట్టొద్దన్నారు. ఈయేడు పంటే నేదు."

ఉక్కు కర్మాగారానికి భూములు తీసుకున్నారని పోతమ్మ వినకపోలేదు. కానీ సముద్రం ఎవరిదైనా వల వేసుకోవచ్చు కదా; పొలం ఎవరిదైనా అసిరమ్మ చల్లుకుంటుందనే ఆమె అనుకుంది. ఒక ఇంటి పంట ఆగితే ఇంకో ఇంటి పొయ్యి ఆరుతుందని ఆమెకు చెప్పినవారు లేరు. అధికారులు వచ్చి నేలకు వెల కట్టారు, బావికి కట్టారు, తాటిచెట్లకు కట్టారు. ఆ అరుగు మీదికి ఏటా వచ్చే గంప మాట ఎవరూ అడగలేదు.

పోతమ్మ గంపకు చెయ్యి వేసింది. "ఉండవే," అని అసిరమ్మ లోపలికెళ్ళి మట్టికుండ ఎత్తుకొచ్చింది. చేపలు చేటలోకి వంచి, కుండను గంపలో బోర్లించింది. చోళ్ళతో పాటు ఎండిన వేపాకు, బూడిద రాలాయి.

పోతమ్మ ఆకు చూసి చేయి వెనక్కి తీసుకుంది. "ఇయి ఇత్తనాలు!"

"అవును."

"వొద్దొదినా! పైయేడు ఏటి సల్లుతావు?"

"ఎక్కడ సల్లమంతావే? ఊరికి బదులు ఆలు ఇచ్చే కాలనీ గోడల మీదా?" అసిరమ్మ గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది. "ఖాళీ గంప పంపిత్తే సచ్చిన మా అత్త లేచొచ్చి తన్నుద్ది. ఎల్లు."

పోతమ్మ ఏ గింజల కోసం వచ్చిందో ఆ గింజలు నిండుగా దొరికాయి. దారి పొడవునా ఒక్క గింజ రాలకుండా మెడ బిగించుకునే నడిచింది.

గంగరాజు గంప దించి మురిసిపోయాడు. "కనిపెట్నేదన్నమాట!"

"కనిపెట్టింది," అంది పోతమ్మ, ఆకులు ఏరుతూ.

వానలు మొదలయ్యాక ఆ చోళ్ళను తిరగలిలో పోసింది. విత్తనం విసరకూడదని అసిరమ్మ అత్త చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. అయినా విసిరింది. ఒక్క గింజ కూడా తీసి దాచలేదు. దాచడానికి అవి ఇక విత్తనాలు కావు.