వనజ దాచిన నెల

బీడీలు చుట్టే తునికాకులు యాభై లెక్కపెట్టి కట్ట కడుతున్న వనజ, ఉన్నట్టుండి కడుపు పట్టుకుని ముందుకు వంగింది. ఆరు నెలలుగా వచ్చిపోతున్న నొప్పే. పేగులు మెలిపెట్టినట్టు వచ్చి, వాంతి అయ్యాక కాస్త సర్దుకునేది. "పని చూస్తెనే నీకు నొప్పి లేస్తది" అనేవాడు భర్త రవీందర్. ఆ రోజు మాత్రం వాంతి చూసి అత్త జంపక్క ముఖం విప్పారింది.

"నీళ్లోసుకున్నవేమోనే! లే, కట్టలు నేను కడత."

పెళ్లయిన ఏడేళ్లలో ఆ ఇంట్లో ఆమెను పని మీంచి లేవమన్నది అదే మొదలు. వేడి జావ చేతికొచ్చింది. రవీందర్ అంగడి నుంచి ద్రాక్షపళ్లు తెచ్చాడు. వారం తిరగకుండానే ఆమెకు నెలసరి వచ్చింది. గూడెం కట్టు ప్రకారం ఊరి చివర పాకలో కూర్చోవాలి. కూర్చుంటే ఈ జావ, ఈ పళ్లు, తనను పిలిచేటప్పుడు అత్త గొంతులో కొత్తగా వచ్చిన ఈ మెత్తదనం, అన్నీ పోతాయి. ఇంకొక్క రోజు, అనుకుంది. అలా ఆ నెల దాచింది. పై నెలా దాచింది. ఒక్కోసారి పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల గట్టిగా ఏదో తగిలేది. నిజమేనేమోనని తనకే ఆశ పుట్టేది.

మూడో నెలలో పొట్ట ఉబ్బింది. పచ్చటి పసరు కక్కింది. రెండు రోజులు విరేచనం కాలేదు, కింద నుంచి గాలి కూడా పోలేదు. కొత్తగూడెం ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది.

"పేగు మూసుకపోయినట్టున్నది. పెద్ద స్కానింగ్ తియ్యాలె. కడుపుతో ఉన్నవా అమ్మా?"

"అవ్ మేడం, మూడో నెల," జంపక్కే జవాబిచ్చింది, కోడలి తల నిమురుతూ. "ఫోటో తీస్తే లోపల పిల్లకు మంచిది కాదంట గదా? వద్దు మేడం."

రవీందర్ కూడా వద్దన్నాడు.

తల మీద ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వనజ కళ్లు మూసుకుంది.

"కడుపు లేదు మేడం. మొన్న గూడ నెలసరొచ్చింది."

చెయ్యి ఆగిపోయింది.

స్కానింగ్‌లో, పేగులోకి పేగు దూరి చక్రంలో చక్రంలా కనిపించింది. ఆ పూటే ఆపరేషన్ చేశారు. పేగు లోపలి గోడకు నిమ్మకాయంత కొవ్వు గడ్డ. దాన్ని ముందుకు తోస్తూ, పేగు తనలోకి తానే ముడుచుకుపోయింది. నల్లబడిన జానెడు పేగుతో సహా తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. గడ్డను పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని తేలింది.

ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున జంపక్క వచ్చి కోడలి మంచం పక్కన కూర్చుంది.

"గింత అబద్ధమా? నొస్తున్నదని చెప్తే మేం చూసుకోమా?"

"చెప్పిన అత్తా. కడుపని నువ్వనకముందు ఆరు నెలలు గదే చెప్పిన."

జంపక్క లేచి కిటికీ దగ్గరికి పోయింది. ఆ చెయ్యి మళ్లీ తన తల మీదికి రావాలని వనజ ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.