మాస్టారు చెప్పిన మాట

నేను ఒక గోధుమరంగు కారును, నాలుగు గేర్లదాన్ని. ఇరవై ఆరేళ్లు తిరిగాను. నన్ను నమ్మి ఎక్కినవాళ్లను ఏనాడూ నడిదారిలో దించెయ్యలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. నా మీద ఒక నింద పడింది, అందుకని చెబుతున్నాను.

నన్ను మొదట ఒక పొగాకు వ్యాపారి కొన్నాడు. బేళ్ల మధ్య మూడేళ్లు నలిగాక, నరసరావుపేట కాలేజీలో లెక్కలు చెప్పే పరాంకుశం మాస్టారి చేతికి వచ్చాను. ఆయన నన్ను చూసుకున్న తీరే వేరు. అయిదువేల కిలోమీటర్లు తిరిగానో లేదో ఇంజనాయిలు మార్పించేవారు. వానాకాలంలో తుప్పు పట్టకుండా, నా కింద పడుకుని మరీ బురద కడిగేవారు. మిగతా భారమంతా మెకానిక్ దరియావలిది. నా చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు. నాకు సరిపడే సామాన్లు తయారవడం ఆగిపోయాక కూడా, విజయవాడ ఆటోనగర్ పాత కొట్లన్నీ గాలించి తెచ్చేవాడు.

"కొత్తది తీసుకోండి మాస్టారూ, అందరూ మారుస్తన్నారుగా" అనేవాడు అప్పుడప్పుడు.

"దీనికేం తక్కువయ్యా. నువ్వు చూసినంతకాలం తిరుగుతుంది" అనేవారు మాస్టారు.

ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

కిందటి శ్రావణంలో ఒక పొద్దున దరియావలి నా నాలుగు చక్రాలకూ కొత్త బ్రేకు షూలు వేశాడు. ఆ మధ్యాహ్నమే మాస్టారు నన్ను సాతులూరు వైపు తీశారు. దారిలో ఫోను మోగింది. ఆయన తల వంచి పక్క సీటు మీద వెతుకుతున్నారు. గడ్డిమోపుతో రోడ్డు దాటుతున్న ముసలమ్మ రాఘవమ్మను చూడలేదు. ఆమెకు నేను తగిలాకే ఆయన కాలు బ్రేకు మీద పడింది. బ్రేకు పడగానే అక్కడికక్కడే ఆగాను. అప్పటికే ముసలమ్మ కాలు విరిగింది.

జనం మూగారు. మాస్టారు కిందికి దిగారు.

"బ్రేకు తొక్కానయ్యా, పడలేదు. పొద్దున్నే దరియావలి విప్పి బిగించాడు, ఏం చేశాడో మరి."

ఎవరూ అనుమానించలేదు. చెప్పింది పెద్దమనిషి, ఉన్నది పాత కారు. ఊళ్లోవాళ్లు కేసు లేకుండా సర్దేశారు.

బ్రేకులు వేరే షెడ్డులో బాగు చేయించానని చెప్పుకుని, నెల తర్వాత మాస్టారు రాఘవమ్మను ఆస్పత్రి నుంచి నాలోనే ఇంటికి తీసుకువెళ్లారు. ఆమె వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంది.

"నువ్వు కిందకి చూస్తన్నావు మాస్టారూ. నేను చూశా" అంది.

మాస్టారు అద్దంలోకి చూడలేదు. "ఆ మాట ఎక్కడా అనకమ్మా."

"నేనెవరికి చెప్తాలే. ఆ దరియావలి రోజూ ఆస్పత్రికొచ్చి నా కాళ్లకాడ కూచుని ఏడ్చేవోడు, నా వల్లే అయిందమ్మా అని. ఆడికైనా చెప్పు."

దారిలో దరియావలి షెడ్డు వచ్చింది. తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఒక్క బండీ లేదు. మాస్టారి కాలు మెల్లగా నా బ్రేకు మీదికి వచ్చింది. ఆగుతారనుకున్నాను. కాలు తీసేసి వేగం పెంచారు.

వారం తిరక్కుండా నన్ను గుంటూరులో పాత ఇనుము కొట్టుకు అమ్మేశారు. నేను కళ్లెదుట చక్కగా తిరుగుతూ ఉంటే ఆయన మాట ఎన్నాళ్లు నిలబడుతుంది? పంపేముందు, ఎప్పటిలాగే, నా ముందద్దం శుభ్రంగా తుడిచారు.

మొన్న పొద్దున దరియావలి వచ్చాడు. ఏదో సామాను కోసమనుకున్నాను. కాదు. కొట్టువాడిని బతిమాలి నా చక్రాలు నాలుగూ విప్పాడు. బ్రేకు షూలను ఎండలో తిప్పి తిప్పి చూశాడు. స్ప్రింగులు లాగి చూశాడు. ఎక్కడైనా ఆయిలు కారిందేమోనని పైపుల వెంట వేలితో తడిమాడు. అన్నీ తను బిగించినట్టే ఉన్నాయి.

"ఎక్కడ తప్పు చేశానబ్బా" అన్నాడు నెమ్మదిగా.

మాస్టారు అబద్ధమాడతారన్న ఊహ అతనికి రాలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. కాసేపు కూర్చుని, చేతులు తుడుచుకుని, మొదటి చక్రం నుంచి మళ్లీ చూడటం మొదలుపెట్టాడు.