పోశం మీది రెండో నీడ

మొదటి షిఫ్టు ముగించుకొచ్చిన పోశం క్వార్టరు ముందర మంచమ్మీద కూచుంటే సారవ్వకు రోజూ ఒకటే తంటా. ఎండబెట్టిన మిరపకాయల మీద మొగుడి నీడలు రెండూ పడేవి.

"ఒకటి పడితే పడనియ్యి, రెండోదాన్నన్న అటు జరుపుకోరాదు?" అనేది.

"అది నా మాట ఇంటదా? రాయమల్లుది గదా," అనేవాడు పోశం చాయ్ ఊదుకుంటూ.

గోదావరిఖనిలో ఇలాంటివాళ్లు వాడకు నలుగురైదుగురు ఉండేవారు. వెనకట బొగ్గుబాయిలో కొలువొచ్చిన రాయమల్లు ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి హడలిపోయి ఊరికి పారిపోయాడు. పెళ్లీ గిళ్లీ లేకుండానే అక్కడ కాలం చేశాడు. ఖాళీగా పడున్న అతని పేరుతో పోశం బాయిలో దిగి, ముసలితనం దాకా బొగ్గు తవ్వాడు. మారుపేరుతో పనిచేసేవాడికి ఎండలో రెండు నీడలు పడతాయి, అందులో వింతేముంది? పై అధికారులు కూడా చూసీ చూడనట్టు పోయేవారు.

పోశం కొడుకు సంపత్ బొగ్గుబాయి ఆఫీసులోనే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. పనివాళ్ల వివరాలన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉంచడం అతని డ్యూటీ. ఆ యేడు హైదరాబాదులో అలాంటి ఉద్యోగం చేసేవాళ్లందరి సదస్సు పెట్టి, సంపత్‌నూ మాట్లాడమని పిలిచారు. ఒకే మనిషి రెండు పేర్లతో ఉంటే ఒకటి ఉంచి ఒకటి తీసేసే ప్రోగ్రాం రాశాడతను. నాయన జీతం చీటీలో రాయమల్లు, దవాఖాన కార్డులో పోశం. వచ్చే నెలలో రిటైర్మెంటు. పేర్లు కలవక ముసలితనంలో ఆఫీసుల చుట్టూ తిరిగి ప్రాణాలు విసిగినవాళ్లను సంపత్ చాలామందిని చూశాడు. నాయనకా గతి పట్టకూడదని అతని ఆరాటం. మంచిపనే అనుకున్నాడు పాపం.

హోటల్లో ఏసీ హాలు, మెడలో బిళ్ల, మధ్యమధ్య బిస్కెట్లు. బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "నడిపి చూపించండి," అన్నాడు. సంపత్ ఉబ్బిపోయాడు. ల్యాప్‌టాప్‌లో తెచ్చింది నకలే కదా అనుకుని, నాయన పేర్లే తీసి మీట నొక్కాడు. నకలైనా అందులో ఉన్నది మనిషేనని అంత చదువుకున్నవాడికి తట్టలేదు. జీతమున్న రాయమల్లు నిలిచాడు, పోశం పోయాడు. హాలంతా చప్పట్లు.

భోజనాల వేళకు ఇంటినుంచి ఫోను.

"బిడ్డా, మీ నాయినకు ఒక్క నీడే పడ్తాంది," అంది సారవ్వ. "ఇది ఎవలిల్లని అడుగుతాండు. జల్ది రా."

సంపత్ పళ్లెం అక్కడే వదిలేసి రైలెక్కాడు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని దారిపొడుగునా బ్యాకప్ ఎక్కించాడు. పోశం పేరు తిరిగొచ్చింది. అమ్మయ్య అనుకుని రామగుండంలో దిగి ఇంటికి పరుగెత్తాడు. నాయన మంచం అంచున పరాయివాడిలా ఒదిగి కూచున్నాడు. ఒక్కటే నీడ.

"నాయినా, నేను సంపత్‌ను."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "కూసోండ్రి సారూ. నాకు పెండ్లే కాలె, కొడుకెక్కడిది? బాయిల దిగాల్నంటె భయమైతాంది. నేను మా ఊరికి పోత."

సంపత్ ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. తన చేత్తో తానే తండ్రిని తుడిచేశానని తల బాదుకున్నాడు. ఆయన బెదిరిపోయి వెనక్కి జరిగాడే తప్ప చెయ్యి వెయ్యలేదు. వాడకట్టువాళ్లు వచ్చి, చావింటికి వచ్చినట్టు కాసేపు కూచుని వెళ్లిపోయారు. రిటైర్మెంటు కాగితాలు మాత్రం ఒక్క తప్పు లేకుండా వచ్చాయి.

రాయమల్లు ఊరికి పోయే జైపూర్ బస్సు దాకా సారవ్వే సంచి మోసుకుంటూ వెంట నడిచింది. ఆయన కిటికీలోంచి సంచి అందుకుని, ఆమె కళ్లు చూసి జాలిపడ్డాడు.

"ఎందుకేడుస్తానవ్ అక్కా? నీ పెనిమిటి గూడ బాయిల పోయిండా?"

"పోయిండు తమ్మీ," అంది సారవ్వ.