పడవ వెనకగది

తిరుపతి ఏసీ మెకానిక్. నానక్‌రామ్‌గూడలో కిరాయి గదిలో ఉంటూ చుట్టుపక్కల ఫ్లాట్లలో, చిన్న ఆఫీసుల్లో ఏసీలు బాగుచేస్తాడు. చేసిన పనికి వంక రానివ్వడని పేరుంది. అందుకే కేబుల్ బ్రిడ్జి కింద చెరువులో తిరిగే అద్దాల పడవ పని రెండేళ్ల కిందట అతని చేతికొచ్చింది. అంతకుముందు ఆ పడవలో చెరువు నీళ్లతో చల్లబడే మిషను ఉండేది. గుర్రపుడెక్క వేర్లు పైపులో ఇరుక్కుని అది మాటిమాటికీ మొరాయించేది. తిరుపతి దాన్ని తీసేసి, ఇళ్లలో వాడే ఏసీనే పెట్టాడు.

ఈ ఎండాకాలం అదీ ఆగిపోవడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లు మధ్యాహ్నం భోజనాలకని పడవ మాట్లాడుకుంటారు. సరిగ్గా చెరువు మధ్యకు వెళ్లాక ఏసీ ఆగేది. పది నిమిషాలకు మళ్లీ వచ్చేది. అద్దాల గది కావడంతో ఆ పది నిమిషాల్లోనే అందరి చొక్కాలూ తడిసిపోయేవి.

పడవ వ్యవహారాలన్నీ చూసే ప్రవీణ అతన్ని పిలిపించింది. మొదటిసారి వచ్చి గ్యాస్ చూశాడు, జాలీలు కడిగాడు. రెండోసారి జనరేటర్ నుంచి కరెంటు సరిగా వస్తోందో లేదో చూసి, ఎందుకైనా మంచిదని ఏసీ స్విచ్చు కూడా కొత్తది వేశాడు. రెండుసార్లూ ఒడ్డున గంటసేపు నడిపి చూస్తే ఏ లోపమూ కనపడలేదు. మూడోసారి ప్రవీణ గొంతులో విసుగు వినిపించింది.

"ఒడ్డున బాగానే ఉంటుందండి. నీళ్లలోకి వెళ్తేనే దానికి రోగం. మీరూ ఓసారి పడవలోనే వచ్చి కూర్చోండి."

శుక్రవారం మధ్యాహ్నం పడవెక్కాడు. గచ్చిబౌలి నుంచి వచ్చిన ఒక కంపెనీ వాళ్లు పాటలు పెట్టుకుని నవ్వుకుంటున్నారు. పావుగంట గడిచేసరికి ఏసీ ఆగిపోయింది. తిరుపతి తలెత్తి చూశాడు. మిషను వేడెక్కి ఆగితే లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది. ఇక్కడ లైటే లేదు. అంటే కరెంటే రావడం లేదు. స్విచ్చు పడిపోయిందనుకుంటే, పడిన స్విచ్చు దానంతటది లేవదు. ఎవరో ఒకరు చేత్తో పైకి లేపాలి. కానీ పడవలో ఎవరిని అడిగినా ఏసీ దానంతటదే వస్తుందన్నారు.

స్విచ్చు ఉన్నది పడవ వెనక, టీలు పెట్టి సమోసాలు వేడిచేసే చిన్న రేకుగదిలో. పార్టీకి వచ్చినవాళ్లకు గిన్నెలూ పొయ్యీ కనపడకూడదని దాని తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతారు. తిరుపతి తలుపు తోశాడు. బట్టీ మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది.

లోపల యాభై దాటిన ఒకామె బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. తడిపిన టవలు నెత్తిన వేసుకుంది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఒక చెయ్యి స్విచ్చు పక్కన గోడకు ఆనించి, కళ్లు మూసుకుని నోటితో గాలి పీల్చుకుంటోంది. ఆమె ఎదురుగా, మూడడుగుల దూరంలో ఏసీ బయటి యూనిట్. వేడిగాలి ఊదే దాని ఫ్యాను ముఖం గది లోపలికే ఉంది.

తిరుపతిని చూసి ఆమె గబుక్కున లేచింది. పేరడిగితే ఈశ్వరమ్మ అని చెప్పింది.

"పది నిమిషాలే బిడ్డా. పోయినేడు ఓర్చుకున్న, ఈ ఏడు అయితలే. ఊపిరి ఆడకుంటే బంద్ చేస్త. మల్ల నేనే ఏస్త," అంది. "మేడమ్‌కు చెప్పకు. గీ పని పోతే నాకు ఇంకోటి దొర్కది."

చెప్పనన్నాడు. ఆమె దండం పెట్టింది. ఆ దండం చూడలేక తిరుపతి బయటికొచ్చేశాడు. ఏసీ ఎందుకు ఆగిందని ప్రవీణ అడిగితే, ఒక వైరు వదులుగా ఉందని, బిగించానని చెప్పాడు.

ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. ఆ యూనిట్ అలా పెట్టింది తనే. ఫ్యాను ముఖం చెరువు వైపు ఉండాలి. కానీ అలా తిప్పితే రాగి పైపు రెండడుగులు తక్కువైంది. మర్నాడే పడవ మళ్లీ తిరగాలి. కొత్త పైపు తెచ్చి అతుకు వెయ్యాలంటే సగం రోజు పోతుంది. తలుపులోంచి గాలి పోతుందిలే అనుకుని అట్లాగే బిగించేశాడు. అక్కడ ఎవరుంటారు, గిన్నెలే కదా అనుకున్నట్టు కూడా గుర్తుంది. రెండు ఎండాకాలాలు ఆమె ఆ గాలి ముందు కూర్చుంది. ఆమె దండం పెట్టింది ఆ గాలిని ఆమె మీదికి తిప్పిన చేతులకే.

ఆదివారం అన్నం సగంలో వదిలేసి లేచాడు. భార్య స్రవంతి ఏమైందని అడిగితే మొత్తం చెప్పాడు. అంతా విని, "నాకెందుకు చెప్తున్నవ్? ఆ పెద్దమ్మకు చెప్పు," అంది.

సోమవారం ప్రవీణను కలిశాడు. వైరు సంగతి అబద్ధమని, యూనిట్ తను తప్పుగా బిగించడం వల్లే ఏసీ ఆగుతోందని, తన ఖర్చుతోనే సరిచేస్తానని చెప్పాడు. ఆపుతున్నది ఎవరో మాత్రం చెప్పలేదు. ప్రవీణ నమ్మలేనట్టు చూసింది. రెండేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. సరిచేసి వెళ్లమని, ఇకమీదట ఈ పడవ పనికి వేరేవాళ్లను చూసుకుంటానని మర్యాదగానే చెప్పింది.

పడవ తిరగని మంగళవారం పొద్దున్నే వెళ్లాడు. యూనిట్ విప్పి, వెనక రేకు కోసి, కొత్త పైపు అతికించి, ఫ్యాను ముఖం నీళ్ల వైపు తిప్పేసరికి మూడు దాటింది. ఈశ్వరమ్మ గిన్నెలు తోముకోవడానికి వచ్చి గట్టు మీద కూర్చుంది. తిరుపతి చేతులు తుడుచుకుని ఆమె దగ్గరికెళ్లాడు.

"పెద్దమ్మా, అప్పుడు దాన్ని గట్ల పెట్టింది నేనే."

ఆమె చెయ్యి ఆగలేదు. గిన్నె తోముతూనే, "ఎరుకే," అంది.

తిరుపతికి అర్థం కాలేదు.

"ఆ దినం నేను గీడనే ఉన్న. పొయ్యి పక్కకు జరుపుమన్నవు, జరిపిన. గాలి నా మీదికే వస్తది బిడ్డా అని చెప్పిన. 'జర ఆగు పెద్దమ్మా, పని చేసుకోనియ్యి' అన్నవు." గిన్నె కడిగి బోర్లించింది. "మొన్న నువ్వు తలుపు తీస్తే నేను గుర్తుపట్టిన. నువ్వే పట్టలే."

ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజు ఆమె ముఖం అతనికి తట్టలేదు. పైపు కొలత గుర్తుంది, బోల్టులు గుర్తున్నాయి. ఆమె లేదు. తప్పయిందన్నాడు. ఆ మాట తనకే చాలా చిన్నగా వినిపించింది. ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

ఏసీ నడిపి చూడాలి. తిరుపతి పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టి, తలుపు మూసి, బకెట్ బోర్లించుకుని అరగంట ఆ గదిలోనే కూర్చున్నాడు. చెమట పట్టింది కానీ ఊపిరి ఆడింది. వేడిగాలి రేకు సందులోంచి నీళ్ల మీదికి పోతోంది. బయటికొచ్చి, ఒకసారి చూసుకోమని ఆమెను పిలిచాడు.

ఈశ్వరమ్మ లోపలికెళ్లి రేకు మీద అరచెయ్యి ఆనించి చూసింది. తలుపు మూసుకుని కాసేపు ఉంది. మళ్లీ బయటికొచ్చి, "ఇప్పుడు మంచిగుంది," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని తిరుపతి నిలబడ్డాడు. ఆమె తోమిన గిన్నెలు ఒక్కొక్కటే లోపల సర్దుకుంటోంది. అతను సంచీ భుజాన వేసుకుని గట్టెక్కాడు.