అక్క చేతి కొలత

డిజైన్ ఇంజనీరుకి పొద్దున్నే మొదటి పని కంప్యూటర్ ముందు కాదు, చేతుల ముందు. యంత్రం చెయ్యబోయే పనిని అప్పటిదాకా చేస్తున్న మనిషి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. మణికట్టు ఎంత తిరిగింది, బొటనవేలు ఎంత నొక్కింది, అన్నీ రాసుకుని డ్రాయింగ్ గీస్తాడు. దాని మీద మేనేజరు ముద్ర పడగానే ఆ పని మనిషి చేతిలోంచి దిగిపోయి యంత్రంలోకి వెళ్తుంది. ఇక ఆ మనిషికి అది రాదు. ఫ్యాక్టరీలో ఇందుకు ఒక ఫారం ఉంది, రెండు సంతకాలు పెడితే సరి.

జాగ్రత్తంతా డ్రాయింగ్ కింద మూలనుండే నోట్స్ గడిలో పడాలి. అక్కడ ముందే అచ్చయి ఒక మాట ఉంటుంది: "ప్రత్యేకంగా చెప్పనంతవరకు అన్నిటికీ వర్తించును." దాని కింద "అట్టపెట్టెకు మాత్రమే" అనో, "సీసా లేబులుకు మాత్రమే" అనో రాయాలి. మరిచిపోతే తర్వాత ఎన్నిసార్లు దిద్దినా కాగితం మారుతుంది గానీ పోయిన పని చేతికి తిరిగి రాదు. ఈ ఇంజనీరు తన తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ మరవలేదు.

ఈసారి చాక్లెట్లు చుట్టే యంత్రం. కాగితం కొసలు మెలిపెట్టడంలో లైను మొత్తానికీ చెయ్యి తిరిగిన మనిషి ఎవరయ్యా అంటే, ఇతని సొంత అక్కే.

"నీది వద్దక్కా, ఇంకొకరిది కొలుస్తాను."

"ఎవరిది కొలిచినా లైను మూసేస్తారు కదరా. కొలతలిచ్చిన మనిషికైతే చెకింగ్‌లో పర్మినెంటు కుర్చీ ఇస్తారు. నాకది కావాలి."

ఎందుకు కావాలో ఇతనికి తెలుసు. మొగుడు వదిలేసి పోయాక పదకొండేళ్ళుగా అక్క తమ్ముడింట్లో, ముందుగదిలో తెర వెనక పడుకుంటోంది. మరదలు నోటితో ఏమీ అనదు, అనాల్సినవన్నీ గిన్నెలతో అంటుంది. పర్మినెంటు ఉద్యోగమంటే ఒంటరి ఆడదానికైనా గది అద్దెకిస్తారు.

అక్క విషయం కదా, మూడు రోజులు ప్రాణం పెట్టి కొలిచాడు. బొటనవేలి ఒత్తిడి మూడో దశాంశం దాకా రాశాడు. ఆ అంకెల ధ్యాసలో, పాత డ్రాయింగ్ మీదే దిద్దుకుంటూ పాత నోటు చెరిపాడు గానీ, కొత్తది రాయడం మరిచాడు. మేనేజరు అంకెలు చూసి, "భేషయ్యా" అని ముద్ర కొట్టాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ అక్క పెట్టె మోసుకుంటూ, కొత్తగా కుదిరిన అద్దెగదికి మూడంతస్తులు ఎక్కారు. "మీ ఆవిడ గిన్నెలకి ఇక విశ్రాంతేలే" అని అక్క మెట్ల మీద నవ్వింది కూడా. తాళంచెవి తాళంలో పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇదెలా తిప్పాలిరా?" అంది.

తమ్ముడు తాళంచెవి అందుకున్నాడు. తలుపు తనే తీశాడు. అక్క లోపలికి వెళ్ళి కుళాయి పట్టుకుంది. డబ్బా మూత పట్టుకుంది. బకెట్లో నానిన గుడ్డ తీసి పిండబోయింది. చేతులు ఊరికే పట్టుకున్నాయంతే.

"నాదే తప్పక్కా. కాగితానికి మాత్రమే అని రాయడం మరిచిపోయాను."

అక్క గుడ్డని మళ్ళీ బకెట్లో వదిలేసింది. "కొలతలన్నీ సరిగ్గా తీశావా?"

"తీశాను."

"అందుకే ఇంత శుభ్రంగా పోయింది."

"తాళం మార్పించి నొక్కేది పెట్టిస్తాను. కుళాయికి పిడి వేయిస్తాను."

"ఎన్నిటికని వేయిస్తావురా? లేచింది మొదలు సగం బతుకు తిప్పడమే, పిండడమే."

అతను ఏడ్చాడు. అక్క ఏడవలేదు, పెట్టె మీద కూర్చుంది. "కాసేపు ఉందాం. నా గదిలో కూర్చున్నానన్న తృప్తయినా ఉంటుంది" అంది.

కిటికీలో వెలుతురు తగ్గేదాకా కూర్చున్నారు. తర్వాత అక్కే లేచి పెట్టెకి ఒక పక్క చెయ్యి వేసింది. తాళం తమ్ముడు వేశాడు.

కింద తాళంచెవి తిరిగిచ్చేస్తుంటే ఇంటాయన, "ఏమ్మా, గది నచ్చలేదా?" అని అడిగాడు.

"చాలా నచ్చిందండీ" అంది అక్క.