హాడో రేవులో డాక్టర్ పద్మిని

పద్మిని పదకొండో తరగతిలో బయాలజీ తీసుకున్న వారమే, వాళ్ళ నాన్న ధనరాజు కొత్త బోటును నీళ్ళలోకి దించాడు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ముందు భాగాన ఎర్రరంగుతో "డాక్టర్ పద్మిని" అని రాయించాడు. పిల్ల ఎలాగూ అవుతుంది కదా, మళ్ళీ రాయించడమెందుకు అనుకున్నాడు మహానుభావుడు.

పిల్ల కాలేదు. నీట్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ సీటు రాలేదు. బోటు మాత్రం ఆ దీవిలోని హాడో రేవులో బాగా పేరు తెచ్చుకుంది. "డాక్టర్ పద్మిని ఇవాళ ఖాళీగా వచ్చింది" అనో, "డాక్టర్ పద్మినికి ఇంజన్ పాడైంది" అనో రేవులో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. అది వినబడ్డప్పుడల్లా పద్మినికి ఒళ్ళు మండిపోయేది.

మూడోసారి రాయడం ఆమె వల్ల కాదు. అసలు ఆమె మనసు నర్సింగ్ మీద ఉంది. నానమ్మ యర్రమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ డాక్టర్లు వచ్చి వెళ్ళేవారు, పక్కన నిలబడింది మాత్రం నర్సు దీదీ. ఆ మాట ఇంట్లో చెప్పాలంటేనే భయం. గంగమ్మ ముందు పెట్టిన బోటు పేరు మారిస్తే అరిష్టమని ధనరాజు నమ్మకం.

చివరికి, వల బాగుచేసుకుంటున్న తండ్రి పక్కన కూర్చుని చెప్పేసింది.

"నాన్నా, నీట్ ఇంక రాయను. వైజాగ్‌లో నర్సింగ్ సీటొచ్చింది, అందులో చేరతాను."

ధనరాజు చేతిలో సూది ఆగింది. "మరి బోటు సంగతేటి బేటా? పేరు బదల్ సేస్తే గంగమ్మ నారాజ్ అవదా?"

కూతురి చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. పద్మినికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపంలో నోరు జారింది.

"నర్సింగ్‌లో కూడా ఎమ్మెస్సీ చేసి, ఆ పైన పీహెచ్‌డీ చేస్తే పేరు ముందు డాక్టర్ అనే రాస్తారు. నీ బోటుకేం కాదులే!"

ధనరాజు మొహం వెలిగిపోయింది. "అరె, ఆ మాట పహలే సెప్పొచ్చు కదే! వైజాగ్‌కి సీదా షిప్పు దొరక్కపోతే సెన్నై మీంచి ఎల్తాం గానీ, ఎల్లడం మానేత్తామేటి?"

సాయంత్రానికి రేవంతా తెలిసిపోయింది. ఒక్క పరీక్ష తప్పించుకుందామని వెళ్ళిన పద్మినికి నర్సింగూ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అన్నీ ఖాయమయ్యాయి.

మర్నాడు పొద్దున్నే ధనరాజు రంగు డబ్బా పట్టుకుని, వెలిసిపోయిన "డాక్టర్" మీద శ్రద్ధగా కొత్త పూత వేశాడు. "పద్మిని" కూడా వెలిసిపోయే ఉంది. రంగు అక్కడిదాకా రాలేదు.