ఒకటి పెద్దది, ఒకటి చిన్నది

టిక్... టిక్... టిక్.

సూదికి సూది తగిలే చప్పుడు. పక్కగదిలో ఉన్నవాళ్లకు వినపడదు. ఈ గదిలో ఉన్నవాళ్లకు మాత్రం, అది ఆగితే తెలుస్తుంది.

కింద ఊలు కొట్టు, పైన గది. కిటికీలోంచి ఏటవాలుగా దిగిన ఎండ బల్ల మీది ఉండల మీద పడుతుంది. ఎర్రది, పచ్చది, బూడిదరంగుది... ఎండకు వేడెక్కిన ఊలు నుంచి ఒక వాసన లేస్తుంది. గొర్రెదే అనుకోండి. అయినా బాగుంటుంది.

కిటికీ పక్క కుర్చీ ఆమెది.

ఆమె పెద్ద హోటల్లో బట్టలుతికే చోట పనిచేస్తుంది. పగలంతా అక్కడ దిగినవాళ్ల మేజోళ్లు. ఆవిరి, సబ్బు, మేజోళ్లు. యంత్రంలోంచి గుట్టగా వచ్చిపడతాయి — నల్లవి, తెల్లవి, మడమ చిరిగినవి, మడమే లేనివి. వాటికి జతలు కలపడం ఆమె పని. కళ్లు మూసుకుని కలపగలదు. పొడవు చూస్తుంది, వెడల్పు చూస్తుంది, ఒకదాని మీద ఒకటి వేస్తుంది, మడిచి పక్కన పెడుతుంది.

జత దొరకనివాటికి ఒక డబ్బా ఉంది. కొన్నాళ్లు చూసి, నిండాక పారబోస్తారు. ఆ పారబోసే పని మాత్రం ఆమె వేరేవాళ్ల మీదికి నెట్టేస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదీ కాదు.

ఎందుకంటే ఆమె ఇంట్లో ఒక జత ఉంది. కలవని జత.

కూతురి పాదాలు.

పుట్టినప్పుడు ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. కట్లు కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. కత్తి పెట్టారు. పాదం చక్కగా ముందుకు తిరిగింది. పిల్ల నడిచింది, పరుగెత్తింది, కాలనీలో అందరి గోడలూ దూకింది. కానీ ఆ పాదం మాత్రం రెండోదానితో సమానంగా ఎదగలేదు. చిన్నగానే ఉండిపోయింది... సన్నగా, బుద్ధిగా. అక్క వెనక నిలబడిన చెల్లెల్లా.

ఒకరోజు బడి నుంచి వచ్చిన పిల్ల, బ్యాగు కూడా దించకుండా, ఎవరికీ చెప్పొద్దమ్మా అంది. ఎవరో ఏదో అన్నారు కాబోలు. చెప్పనని తల్లి మాటిచ్చింది. అమ్మ మాట కదా — ఆరు నూరైనా నిలిచింది.

అప్పటినుంచి గడప బయట చెప్పులు విడిచే ఇళ్లకు ఆ పిల్ల వెళ్లలేదు.

*

మేజోళ్లు కొంటే ఏముంది, అంటారు. నిజమే, ఏముంది? పెద్దకాలి సైజు కొంటే ఎడమ కాలికి మడతలు. చిన్నకాలి సైజు కొంటే దాని మీద కుందేలు బొమ్మలు.

మడత దగ్గర ఒరుసుకుంటుంది. ఒరుసుకున్నచోట పుండు పడుతుంది. అది మానేలోపు దాని పక్కన ఇంకోటి.

ఇప్పుడు ఆ పిల్ల నర్సు. సోమవారం నుంచి ఆసుపత్రిలో కొలువు. పొద్దున వార్డులో అడుగుపెడితే సాయంత్రం దాకా నిలువుకాళ్ల మీద ఉండాలి. శిక్షణ రోజుల్లోనే పుండుతో కుంటకుండా నడవడం నేర్చుకుంది. కుంటుతూ నడవడం కంటే అది కష్టం. ఆ రోజుల్లోనే, ఇంటికొచ్చి బూటు విప్పుతూ పెదవి కొరుక్కోవడం తల్లి చూసింది.

చూసి... అల్లడం నేర్చుకుందామని ఊలు కొట్టు మెట్లెక్కింది.

*

బుధవారాలు, శనివారాలు. ఆ మేడగదిలో చేరేవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఒకే మఫ్లర్‌ను ఏళ్ల తరబడి అల్లుతున్న బస్సు డ్రైవరు ఒకడు — ఆపడం తెలియక కాదు, ఆపాక ఏం చేయాలో తెలియక. ఏ రంగు అడిగినా దానికో కవిత్వం చెప్పే కొట్టాయన. అందరికీ పైన మడమల పిన్ని. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. మేజోడుకు మడమ వంపు తిప్పి అల్లడంలో ఆమెకు ఎదురు లేదు గనక అదే పేరయింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మెడలో ఎప్పుడూ కొలత టేపు.

గోడకు చెక్క అరలు. అరల్లో బుట్టలు. ఎవరి బుట్ట వాళ్లదే, కానీ ఎవరి బుట్టలో చెయ్యి ఎవరైనా పెట్టొచ్చు.

ఆ గదిలో ఒక మర్యాద ఉంది.

ఎవరి అల్లికలోనైనా తప్పు కనబడితే — జారిన కుట్టు, దాటేసిన వరస — చూసినవాళ్లు సరిచేయాలి. సరిచేసి ఊరుకోవాలి. చెప్పకూడదు. అల్లినవాళ్లకు తెలిసినా అడగకూడదు.

కొత్తలో ఆమెకు ఈ సంగతి తెలియదు. బుధవారం వంకరగా వదిలేసి వెళ్లిన అల్లిక శనివారానికి తిన్నగా కనబడేది. అబ్బ, నాకు చెయ్యి తిరిగింది అనుకుని మురిసిపోయేది. ఇంట్లో కూతురితో గొప్పలు పోయింది కూడా. తరవాత ఒకరోజు తొందరగా వచ్చి, తలుపు సందులోంచి చూసింది. మడమల పిన్ని తన బుట్ట ఒళ్లో పెట్టుకుని, జారిన కుట్టును సూదిమొనతో పైకి లాగుతోంది. పక్కన డ్రైవరు, తనే ఏదో దొంగతనం చేస్తున్నట్టు, మెట్ల వైపు కాపలా చూస్తున్నాడు.

ఆమె చప్పుడు చేయకుండా కిందికి దిగి, చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, గట్టిగా దగ్గుతూ మళ్లీ మెట్లెక్కింది.

సిగ్గనిపించలేదు. తన తప్పులను ఇంతమంది కడుపులో పెట్టుకుంటున్నారని గర్వమనిపించింది. అలాంటి చోట తనకూ ఒక కుర్చీ ఉంది.

*

చెయ్యి కుదిరాక, కూతురి మేజోళ్లకని నీలం ఊలు తీసుకుంది. వానకు ముందు ఆకాశం, అన్నాడు కొట్టాయన. అననీయండి, ఆయన వ్యాపారం ఆయనది.

మొదట కుడికాలిది. పై అంచు, పిక్క, మడమ... వేళ్ల దాకా. తరవాత ఎడమకాలిది. పిక్క దాకా దానిలాగే, ఆ కింద కొంచెం తక్కువ కుట్లు. కొంచెం తక్కువ పొడవు. మడమ దగ్గర లోతు తగ్గించి, పాదం మధ్యలో బిగువు పెంచి.

కొలత తీయలేదు. తీస్తానంటే కూతురు కాలివ్వదు. అక్కర్లేదు కూడా. కట్లు విప్పిన మొదటిరోజు నుంచీ నూనె రాసి, వేళ్లు విడదీసి, నిద్రపోయేదాకా అరచేతిలో పట్టుకున్న పాదం అది. ఆ పాదం కొలత ఆమె అరచేతికి తెలుసు.

ఎన్నిసార్లు విప్పిందో. ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించిందో. సూదులు టిక్ టిక్ మంటూనే ఉన్నాయి. చివరి కుట్టు ముగించి దారం తెంపి, రెంటినీ ఒడిలో పరుచుకుని చూసుకుంది.

ఒకటి పెద్దది. ఒకటి చిన్నది.

ఒక్క తప్పు లేదు. ఎక్కడా ఒక్క తప్పు లేదు! ఎవరూ సరిచేయక్కర్లేని పని... తన చేత్తో, తనే. గుండె నిండిపోయింది. లేచి ఎవరికైనా చూపించాలనిపించింది. చూపిస్తే ఎందుకిలా అంటారు. అంటే చెప్పాలి. మాటిచ్చింది కదా. నోరు కట్టేసుకుంది.

బుధవారం సాయంత్రం, అందరూ వెళ్లిపోతుండగా, రెంటినీ తడిపి, పిండి, కిటికీ తీగ మీద ఆరేసింది. కొత్త మేజోళ్లు ఆ తీగ మీద ఆరి, ఆ గదివాళ్ల కళ్లు పడ్డాకే కాళ్లకెక్కాలి. అదీ అక్కడి అలవాటు.

*

శనివారం.

తీగ మీద జత ఉంది. నీలం జత. ఎండ దూరి మెరుస్తోంది.

ఆమె తీసింది. అలవాటుగా ఒకదాని మీద ఒకటి వేసింది — అంచుకు అంచు, మడమకు మడమ, వేలికి వేలు.

కలిశాయి.

అచ్చుగుద్దినట్టు కలిశాయి.

ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత వేళ్లకు అర్థమైంది. ఎడమకాలిది మడమ దాకా విప్పేసి, అక్కడినుంచి కొత్తగా అల్లారు. పెద్దదానితో సమానంగా. ఆ కుట్ల తీరు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. గదిలో ఒకే ఒక్క మనిషి అల్లిక అంత సమంగా ఉంటుంది. బుట్టలో మిగిలిన నీలం ఉండ బాగా చిక్కిపోయి ఉంది.

మడమల పిన్ని తల ఎత్తలేదు. మర్యాద. డ్రైవరు మఫ్లర్‌లో మొహం దాచుకున్నాడు. కానీ వాళ్లందరి మొహాల్లోనూ వెలుగు... మన శిష్యురాలి మొదటి జత, ఎంత బాగా కుదిరింది!

తిట్టడానికి లేదు. ఏడవడానికి లేదు. మేలు చేశారు కదా.

ఏళ్ల తరబడి ఎన్ని తప్పులు చేసిందో, అన్నీ వాళ్లు దిద్దారు. తప్పు లేకుండా చేసిన పని ఒక్కటే ఒక్కటి. దాన్నీ దిద్దారు.

చెబితే కూతురికిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఎల్లుండే సోమవారం.

ఆమె నవ్వింది. నవ్వినట్టు మొహం పెట్టింది. జత మడిచి సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

*

కూతురు మంచం అంచున కూర్చుని కుడికాలికి తొడుక్కుంది. ఒళ్లు మరిచిపోయినంత హాయిగా ఉంది కాబోలు, కాసేపు అలాగే ఉండిపోయింది. ఎడమకాలికి తొడిగింది. వేళ్ల దగ్గర అల్లిక వేలాడింది. మడమ ఉండాల్సిన వంపు చీలమండ మీదికి లేచింది.

పిల్ల వేలాడే కొసను నెమ్మదిగా మడిచింది. మడవడం అలవాటే.

ఆ మడత తల్లి చూడలేకపోయింది. జరిగిందంతా చెప్పింది. తను అల్లింది, వాళ్లు దిద్దింది, తను నోరెత్తకుండా వచ్చేసింది.

"చెప్పకపోయావా, అమ్మా?"

"నువ్వే కదా చెప్పొద్దన్నావు."

"అప్పుడు నేను చిన్నపిల్లనమ్మా."

 పిల్ల రెండు మేజోళ్లూ తీసి అమ్మ సంచిలో వేసింది. ఉత్తకాళ్లను బూట్లలో దోపింది. ఆ ఊలు కొట్టు ఎంతవరకు తెరిచి ఉంటుందని అడిగింది.

*

మేడగది తలుపు దగ్గర పిల్ల ఒక్క క్షణం ఆగింది. వెనక తల్లి, మెట్టు కింద.

సూదులు ఆగాయి.

పిల్ల నేరుగా వెళ్లి మడమల పిన్ని ఎదుట పీట మీద కూర్చుంది. కుడి బూటు విప్పింది. ఎడమ బూటు విప్పింది. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చాపింది, అందరూ చూసేలా.

ఒకటి పెద్దది. ఒకటి చిన్నది.

"పిన్నిగారూ," అంది, "మా అమ్మ తప్పు అల్లలేదు."

అంతే అంది. 

తల్లి గోడ పట్టుకుంది. ఇన్నేళ్లు దాచిన పాదం... ఎండలో. దాచమన్న పిల్లే తెచ్చి పెట్టింది. తన కోసం కాదు, అమ్మ అల్లిక కోసం! ఇంత గర్వాన్ని మనిషి ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. కళ్లలోంచి కారిపోయింది.

మడమల పిన్ని చాలాసేపు చూసింది. సూదులు పక్కన పెట్టి, చిన్నపాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. రెండో చేతిలో, సంచిలోంచి పిల్ల తీసిచ్చిన ఆ నీలం మేజోడు. మడమ దాకా మిగిలిన తల్లి అల్లికను పాదం పక్కన పెట్టి, తను విప్పేసిన మిగతా భాగాన్ని మనసులోనే కొలిచింది. మెడలోని టేపు ముట్టుకోలేదు.

"ఇంత కుదిరినదాన్ని విప్పేశానా," అంది. "తప్పు నాదమ్మా."

ఆ గదిలో తప్పును పైకి చెప్పుకోవడం అదే మొదలు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. కాపలా ఉన్నది తనే గనక సగం తప్పు తనదేనని గొణిగాడు. కొట్టాయన ఏ రంగు మీదా ఏమీ అనలేదు.

పిన్ని కొస పట్టుకుని లాగింది. తన అల్లిక, అంత సమమైన అల్లిక, వరస వెంట వరస విడిపోయింది. డ్రైవరు ఆ దారాన్ని ఉండ చుట్టాడు. మడమ దగ్గర ఆగి, కుట్లన్నీ జాగ్రత్తగా సూదులకెక్కించి, పిన్ని ఆ సూదులను తల్లికి అందించింది.

నేను ముట్టనని అంది. ఇది నీ చేతిదే అయ్యుండాలని అంది.

తల్లి కిటికీ పక్క తన కుర్చీలో కూర్చుంది. కూతురు ఎదురుగా కూర్చుని, కాళ్లు రెండూ చాపి, పాదాలు తల్లి ఒళ్లో పెట్టింది. కొట్టు మూసే వేళయింది. ఎవరూ లేవలేదు. కొట్టాయన దీపం వేశాడు.

మొదటి వరస. రెండో వరస. ఇంకా వేళ్ల దాకా రావాలి. సోమవారం లోపు రావాలి. ఈ తొందరలో ఎన్ని కుట్లు జారతాయో...

జారనీ. ఇక్కడ అందరూ ఉన్నారు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో కొత్తవాళ్లు. పైకి వస్తున్నారు.

అలవాటు మీద పిల్ల చూపు బూట్ల వైపు వెళ్లింది. తల్లి చూసింది. సూదులు ఆపింది.

అడుగులు దగ్గరకొచ్చాయి... తలుపు కదిలింది.

పిల్ల కాళ్లు ఇంకాస్త చాపుకుంది.

"ఆపావేంటమ్మా," అంది. "అల్లు."

టిక్... టిక్...